కాలిన మట్టి నుంచి నాటి భూ అయస్కాంత క్షేత్ర బలాన్ని ఎలా రాబడతారు?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: మీ ఊరి పాటిగడ్డ మీద ప్రతి వానాకాలం కాల్చిన ఇటుక ముక్కలు, కుండపెంకులు బయటపడుతున్నాయి, అవి కాలిన నాడు భూమి అయస్కాంత క్షేత్రం ఎంత బలంగా ఉండేదో వాటిలో నమోదై ఉంటుందని మీరు చదివారు, దిక్సూచి ముల్లు దిశనే చూపుతుంది కదా, బలం ఎలా తెలుస్తుందని మీ మొదటి సందేహం, దాని ఆధారంగా పాటిగడ్డ వయసు కట్టవచ్చా అన్నది రెండవది, ఇప్పుడు తగ్గుతున్న క్షేత్రం తలకిందులు కాబోతోందా అన్నది మూడవది. ఈ పరీక్షలు చేసే ప్రయోగశాలల్లో చాలా ఏళ్లు పనిచేశాను కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక మనవి. ఆ పెంకులకు అయస్కాంతం ఆనించి చూడకండి. ఒకసారి ఒక ఔత్సాహికుడు మా దగ్గరకు అట్టపెట్టె నిండా పెంకులు తెచ్చారు. ప్రతి పెంకుకూ చీటీ, చీటీ మీద దొరికిన చోటు, లోతు, తేదీ అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉన్నాయి. మేము మెచ్చుకునేలోపే, "అన్నీ పరీక్షించే తెచ్చానండీ, ఫ్రిజ్‌కు అంటించే బిళ్ళ పెట్టి చూసి, దాన్ని లాగినవే ఏరాను" అన్నారు. ఆ బిళ్ళ ఉపరితలం దగ్గర క్షేత్రం భూమి క్షేత్రం కంటే వందల రెట్లు బలమైనది. శతాబ్దాలుగా పెంకులో పదిలంగా ఉన్న బలహీనమైన ముద్ర మీద ఒక్క క్షణంలో కొత్త ముద్ర పడిపోయింది. పిడుగు పడిన చోట దొరికే ఇటుకలతోనూ మాకు ఇదే ఇబ్బంది.

ఇక అసలు విషయం. మట్టిలో ఇనుము ఎప్పుడూ ఉంటుంది. కాలినప్పుడు అందులో కొంత మాగ్నెటైట్‌గా, కొంత హెమటైట్‌గా మారుతుంది. ఇటుక ఎరుపు హెమటైట్ వల్ల వచ్చినదే. ఈ ఖనిజాల రేణువులు చాలా చిన్నవి, మనకు పనికివచ్చేవి మైక్రాన్ కంటే కూడా బాగా చిన్నవి. మాగ్నెటైట్ దాదాపు 580 డిగ్రీల సెల్సియస్ దాటితే, హెమటైట్ దాదాపు 675 డిగ్రీలు దాటితే అయస్కాంతత్వాన్ని పూర్తిగా కోల్పోతాయి. బట్టీలో మంట ఆరి ఇటుక చల్లబడుతున్నప్పుడు ప్రతి రేణువులోనూ అయస్కాంతత్వం తిరిగి పుడుతుంది, కానీ ఇంకా వేడిగా ఉన్నంతసేపు అది అటూ ఇటూ తిరగబడుతూనే ఉంటుంది. ఒక్కొక్క రేణువుకు, దాని పరిమాణాన్నీ ఆకారాన్నీ బట్టి, ఒక్కొక్క ఉష్ణోగ్రత ఉంటుంది. అక్కడికి చేరగానే ఆ తిరగబాటు ఆగి, ఉన్న దిశలోనే బిగిసిపోతుంది. బెల్లం పాకం చల్లారి అచ్చు కట్టినట్టే, కాకపోతే ఇక్కడ ఒకే పాత్రలోని ఒక్కొక్క చుక్కకు ఒక్కొక్క పాకం. ఈ బిగుసుకుపోవడాన్ని ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త లూయీ నీల్ 1949లో సిద్ధాంతీకరించారు. గది ఉష్ణోగ్రత వద్ద ఆ రేణువులు కోట్ల సంవత్సరాలైనా కదలకుండా ఎందుకు ఉండగలవో ఆ సిద్ధాంతమే చెబుతుంది.

బలం సంగతి ఇక్కడే ఉంది. భూమి క్షేత్రం చాలా బలహీనమైనది, నేటి భూమి మీద అది సుమారు 25 నుంచి 65 మైక్రోటెస్లాల మధ్య ఉంటుంది. కనుక బిగుసుకుపోయే రేణువులన్నీ దాని దిశలోకి వరుస కట్టవు. అన్ని దిక్కులకూ చెదిరి ఉన్నవాటిలో కొద్దిపాటి మొగ్గు మాత్రమే ఆ దిశలోకి వస్తుంది. క్షేత్రం రెట్టింపైతే ఆ మొగ్గూ రెట్టింపవుతుంది. భూమి క్షేత్రమంత బలహీనమైన క్షేత్రాల్లో ఈ అనుపాతం నమ్మదగినది. అయితే మొగ్గు ఎంత ఉందో కొలిచినంత మాత్రాన క్షేత్రం తెలియదు, ఎందుకంటే ఇనుము ఎక్కువున్న మట్టి బలహీన క్షేత్రంలోనూ గట్టి అయస్కాంతత్వాన్ని పొందుతుంది, ఇనుము తక్కువున్న మట్టి బలమైన క్షేత్రంలోనూ కొంచెమే పొందుతుంది. ఇటుక మనకు నేరుగా ఒక అంకెను చెప్పదు. చెప్పించగలిగితే ఒక నిష్పత్తిని చెబుతుంది: అదే ఇటుకను మనకు తెలిసిన క్షేత్రంలో మళ్ళీ వేడిచేసి చల్లారిస్తే అది ఎంత అయస్కాంతత్వం పొందుతుంది, ఆనాడు బట్టీలో పొందినది దానికి ఎన్ని రెట్లు? ఆ నిష్పత్తిని మన క్షేత్రంతో గుణిస్తే ఆనాటి క్షేత్రం వస్తుంది.

చెప్పడానికి ఇంత సులువైన పని చేయడానికి దశాబ్దాలు ఎందుకు పట్టిందంటే, ఇటుకను ఒకేసారి 700 డిగ్రీలకు వేడిచేస్తే అందులోని ఖనిజాలే మారిపోవచ్చు, అప్పుడు మనం పోల్చేది వేరొక ఇటుకతో అవుతుంది. ఎమిల్ టెలియే, ఒడెట్ టెలియే అనే ఫ్రెంచి దంపతులు దీనికి మార్గం చూపారు. 1959లో వారు ప్రచురించిన పద్ధతే చిన్న చిన్న మార్పులతో నేటికీ ప్రమాణం. ఒక్కసారిగా కాకుండా మెట్టు మెట్టుగా వేడిచేయడం, ప్రతి మెట్టు దగ్గరా పాతది ఎంత పోయింది, కొత్తది ఎంత వచ్చింది అని విడివిడిగా లెక్క రాసుకోవడం వారి పద్ధతిలోని మూలసూత్రం. 200 నుంచి 250 డిగ్రీల మధ్య బిగిసిన రేణువులు మళ్ళీ ఆ మధ్యలోనే విడిపోతాయి కనుక ఒక్కొక్క మెట్టూ ఒక్కొక్క స్వతంత్ర సాక్షి.

ఒక పెంకుతో చేసే పని దగ్గరగా ఎలా ఉంటుందో చెబుతాను. పెంకు అంచు నుంచి అయస్కాంతం కాని రంపంతో కందిబేడ కంటే చిన్న ముక్కలు ఐదారు తీస్తాము. ఒక్కొక్కదాన్ని చిన్న గాజు సీసాలో కదలకుండా అతికించి, సీసా మీద దిశ గుర్తు గీస్తాము. మ్యూ-మెటల్ కవచం లోపల, అంటే బయటి క్షేత్రం చొరబడని చోట, 100 డిగ్రీలకు వేడిచేసి చల్లారుస్తాము, మాగ్నెటోమీటర్‌లో కొలుస్తాము, తరువాత అదే 100 డిగ్రీలకు, ఈసారి తెలిసిన క్షేత్రంలో, వేడిచేసి చల్లార్చి మళ్ళీ కొలుస్తాము. తరువాత 150, 200, 250, ఇలా 580 దాటేవరకు. ఒక్కొక్క మెట్టుకు సగం రోజు పడుతుంది, మొత్తం పరీక్షకు రెండు మూడు వారాలు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే ఆ మెట్టు మీద మాకు నమ్మకం ఉండదు. లెక్క తేలికగా ఉండేందుకు నేను వేసుకున్న అంకెలతో చూడండి: ప్రయోగశాల క్షేత్రం 40 మైక్రోటెస్లాలు. 300 డిగ్రీలకు పాతది 30 పాళ్ళు పోయి కొత్తది 20 పాళ్ళు వచ్చింది. 400 దగ్గర పోయినది 48, వచ్చినది 32. 500 దగ్గర పోయినది 75, వచ్చినది 50. ప్రతిచోటా నిష్పత్తి ఒకటిన్నరే. గ్రాఫ్ కాగితం మీద పెడితే బిందువులన్నీ ఒకే సరళరేఖ మీద పడతాయి, కనుక ఆనాటి క్షేత్రం 60 మైక్రోటెస్లాలు.

అయితే ఆ రేఖ అంత బుద్ధిగా రావడం తరచుగా జరగదు. రేణువులు మరీ పెద్దవైతే బిందువులు రేఖ మీద కాక కిందికి వంగిన వంపు మీద పడతాయి, అప్పుడు వంపు మొదటి భాగాన్ని మాత్రమే చూసి లెక్క కట్టేవారికి అసలుకంటే పెద్ద అంకె వస్తుంది. వేడికి ఖనిజం మారుతోందో లేదో తెలుసుకోవడానికి, పై మెట్టుకు వెళ్ళాక మళ్ళీ వెనక్కి వచ్చి కింది మెట్టును ఇంకోసారి చేసి చూస్తాము. మొదటిసారి వచ్చినంతే రాకపోతే ఆ ముక్క మారిపోయిందని అర్థం. వంట కుండల అడుగుభాగం మరొక చిక్కు. నీళ్ళ కుండ ఆవంలో ఒక్కసారే కాలుతుంది, కానీ వంట కుండ పొయ్యి మీద వందలసార్లు వేడెక్కుతుంది, కనుక తక్కువ ఉష్ణోగ్రత రేణువుల్లో చివరిసారి అన్నం వండిన నాటి క్షేత్రం, ఎక్కువ ఉష్ణోగ్రత రేణువుల్లో ఆవం నాటి క్షేత్రం నిలిచి ఉంటాయి. పెంకుల్లో నేను అంచునూ మెడనూ కోరుకుంటాను, అడుగును కాదు. పరీక్షకు పెట్టిన ముక్కల్లో చాలా భాగాన్ని పారవేయవలసి రావడం ఈ పనిలో మామూలే. ఏదీ పారవేయకుండా అన్ని ముక్కలకూ ఫలితం ఇచ్చిన నివేదిక కనబడితే నాకు ముందుగా అనుమానమే వస్తుంది.

సరళరేఖ వచ్చినా ఇంకా రెండు సవరణలు మిగిలి ఉంటాయి. ఇటుక బట్టీ చల్లారడానికి రోజులు పడుతుంది, మా ఫర్నేస్ అరగంటలో చల్లారుతుంది. మెల్లగా చల్లారిన ముక్కలో రేణువులకు సర్దుకునే వ్యవధి ఎక్కువ కనుక అది ఎక్కువ అయస్కాంతత్వం పొందుతుంది. దీన్ని పట్టించుకోకపోతే ఆనాటి క్షేత్రాన్ని సాధారణంగా 5 నుంచి 10 శాతం వరకు ఎక్కువగా చెబుతాము. రెండవది మట్టి అల్లిక. కుమ్మరి సారె మీద మట్టిని వేళ్ళతో నొక్కి పైకి లాగినప్పుడు రేణువులు గోడ వెంట పడుకుంటాయి, కనుక పెంకు తన గోడ వెంట సులువుగా, గోడకు అడ్డంగా కష్టంగా అయస్కాంతీకరణ చెందుతుంది. ఈ తేడాను కొలవడానికి ముక్కను ఆరు దిశల్లో తిప్పి ఆరుసార్లు వేడిచేస్తాము. పలుచటి పెంకుల్లో ఈ సవరణ మొదటిదాని కంటే పెద్దది కావచ్చు. అచ్చులో పోసిన మందపాటి ఇటుకలో సాధారణంగా ఇది చిన్నది, అందుకే నాకు ఇటుకలంటే కొంచెం పక్షపాతం.

ఒక విషయం ఇక్కడే స్పష్టం చేయాలి. దిశ కావాలంటే కాలిన వస్తువు కాలిన చోటే కదలకుండా ఉండాలి, అంటే బట్టీ నేల, పొయ్యి, కాలిన గోడ కావాలి. బలానికి ఆ నియమం లేదు. ఇటుకను ఎవరు ఎటు తిప్పి ఏ గోడలో పెట్టినా అది కాలిన నాటి బలం అందులోనే ఉంటుంది. కాలిన స్థలమూ కాలమూ తెలిస్తే చాలు. కానీ ఆ రెండే దొరకడం కష్టం.

స్థలం సంగతి తీసుకుందాం. భూమి క్షేత్రం ధ్రువాల దగ్గర ఎక్కువ, భూమధ్యరేఖ దగ్గర తక్కువ కనుక, వేర్వేరు ఊళ్ళ కొలతలను పోల్చడానికి వాటిని భూమి మధ్యలో ఉన్నట్టు ఊహించిన ఒక ద్విధ్రువపు, అంటే రెండు ధ్రువాలున్న కడ్డీ అయస్కాంతం లాంటి దాని, బలంగా మార్చి చెబుతారు. హైదరాబాద్‌లో నేడు క్షేత్రం సుమారు 43 మైక్రోటెస్లాలు. 17.4 డిగ్రీల అక్షాంశానికి ఆ మార్పిడి చేస్తే దాదాపు 9.9 × 10²² ఆంపియర్ చదరపు మీటర్లు వస్తుంది. కానీ భూగోళమంతటి కొలతల నుంచి రాబట్టిన నేటి అసలు ద్విధ్రువం విలువ సుమారు 7.7 × 10²² మాత్రమే. కొలతలో తప్పు లేదు, లెక్కలోనూ తప్పు లేదు; మన ప్రాంతంలో క్షేత్రం ఆ ఊహా ద్విధ్రువం చెప్పేదానికంటే బలంగా ఉంది, దక్షిణ బ్రెజిల్‌లో అంతకంటే చాలా బలహీనంగా ఉంది. రెండు వేల ఏళ్ల తరువాత ఎవరైనా హైదరాబాద్ ఇటుక ఒక్కటి పట్టుకుని నేటి భూమి అంతటి బలాన్ని చెప్పబోతే వారు పాతిక శాతానికి పైగా పొరబడతారు. మనం శాతవాహనుల కాలపు ఒక్క ఇటుకతో అలాంటి మాట చెప్పబోయినా జరిగేది ఇదే.

కాలం విషయంలో అదృష్టం కలిసివచ్చిన ప్రాంతం పశ్చిమాసియా. జెరూసలేం పరిసరాల్లో యూదా రాజ్యపు పాలనలో పన్నుల నూనెకూ ద్రాక్షసారాకూ వాడిన జాడీల పిడులపై రాజముద్రలు వేసేవారు. పాలకులు మారినకొద్దీ ముద్రలూ మారాయి కనుక ఏ పిడి ఏ కాలానిదో దాదాపు ఖచ్చితంగా చెప్పవచ్చు. అలాంటి 67 పిడుల మీద చేసిన పరిశోధన 2017లో వెలువడింది. క్రీ.పూ. 8వ శతాబ్దం చివర అక్కడ క్షేత్రం, ద్విధ్రువం లెక్కలో, 16 × 10²² దాటి, అంటే నేటి విలువకు రెట్టింపు మించి, ఆ తరువాత దాదాపు 30 ఏళ్లలోనే 27 శాతం పడిపోయినట్టు అందులో తేలింది. 2023 చివర వచ్చిన మరొక పరిశోధనలో ఇరాక్‌లోని సులేమానీ మ్యూజియంలో ఉన్న 32 ఇటుకలను తీసుకున్నారు. మెసొపొటేమియా రాజులు తమ పేర్లను ఇటుకల మీద ముద్రించేవారు. ఈ 32 ఇటుకల మీద 12 మంది రాజుల పేర్లున్నాయి. రాజు పాలన ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకో తెలిసినందున ఇటుక కాలిన కాలమూ తెలిసినట్టే. పశ్చిమాసియాలో క్రీ.పూ. 1050 నుంచి 550 వరకు క్షేత్రం అసాధారణంగా బలంగా ఉందన్న మాటకు ఆ ఇటుకలు మెసొపొటేమియా వైపు నుంచి సాక్ష్యం ఇచ్చాయి. క్రీ.పూ. 604 నుంచి 562 వరకు పాలించిన రెండవ నెబుకద్‌నెజర్ ఇటుకలు ఐదింటిలో, ఆ ఒక్క రాజు కాలంలోనే క్షేత్రం వేగంగా మారిన సూచన కనిపించింది.

ఈ వేగం మీద వాదం నడిచింది. జోర్డాన్, ఇజ్రాయెల్ లోయల్లోని రాగి గనుల దగ్గర పోగుపడిన చిట్టెం (లోహం కరిగించాక మిగిలే మడ్డి) నుంచి మొదట వచ్చిన ఫలితాలు మరీ నిటారైన శిఖరాలను చూపాయి. క్షేత్రం పుట్టేది 2,900 కిలోమీటర్ల లోతు నుంచి మొదలయ్యే ద్రవ ఇనుప గర్భంలో. అక్కడి ప్రవాహం ఎంత వేగంగా మారగలదో లెక్క కట్టినవారు అంత నిటారు శిఖరాలు సాధ్యం కావన్నారు. తరువాతి కొలతలతో శిఖరాల వాలు కొంత తగ్గింది, శిఖరాలు మాత్రం పోలేదు. ఇరువర్గాల వాదనా మంచికే జరిగిందని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ తరువాతే అందరూ ముక్కల ఎంపికలో కఠినంగా ఉండటం మొదలుపెట్టారు.

ఇక వయసు కట్టడం. ఒక ప్రాంతంలో క్షేత్ర బలం శతాబ్దాల పొడుగునా ఎలా మారిందో తెలిపే వక్రరేఖ సిద్ధంగా ఉంటే, వయసు తెలియని ఇటుక బలాన్ని కొలిచి ఆ రేఖ మీద ఎక్కడ పడుతుందో చూడవచ్చు. ముఖ్యంగా క్రీ.పూ. 800 నుంచి 400 వరకు, బొగ్గు, గింజల వంటి వాటిలోని కార్బన్‌ను బట్టి వయసు కట్టే రేడియోకార్బన్ పద్ధతి తడబడుతుంది, ఆ నాలుగు వందల ఏళ్లలో దేని వయసు కట్టినా ఒకే రకమైన సమాధానం వస్తుంది. సరిగ్గా ఆ కాలంలోనే పశ్చిమాసియాలో అయస్కాంత బలం ఎత్తుపల్లాలతో ఉండటం అక్కడి పురావస్తు శాస్త్రవేత్తలకు వరమైంది. కాలిపోయిన పట్టణాల ఇటుక గోడలను పోల్చి ఏ పట్టణం ఏ దండయాత్రలో కాలిందో తేల్చే పని 2022 నాటికి 17 చోట్ల 21 విధ్వంసపు పొరల దాకా వచ్చింది.

మీ పాటిగడ్డకు ఆ సదుపాయం లేదు. దక్షిణ భారతానికి అంత నమ్మకమైన రేఖ గీయడానికి కావలసినన్ని కొలతలు లేవు; పశ్చిమాసియా రేఖను తెచ్చి ఇక్కడ వాడకూడదని పైన చెప్పిన హైదరాబాద్ లెక్కే చెబుతోంది. అదీకాక ఒకే బలం రేఖ మీద మూడు నాలుగు చోట్ల రావచ్చు, కనుక బలం ఒక్కటే చూసి వయసు చెప్పేవారిని నమ్మకండి. మనకు కావలసింది తిరుగు ప్రయాణం: వయసు ముందే తెలిసిన ఇటుకలతో మన రేఖను మనమే గీసుకోవడం. పాలంపేట రామప్ప గుడి శాసనం 1213 నాటిది, దాని శిఖరంలో నీటి మీద తేలేంత తేలికైన కాల్చిన ఇటుకలున్నాయి. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల శాసనాలు రాజుల పాలనా సంవత్సరాలతో సహా ఉన్నాయి, పక్కనే ఇటుక కట్టడాలూ ఉన్నాయి. ఏ ఇటుక మొదటి కట్టడానిదో, ఏది తరువాతి మరమ్మతుదో విడదీయగలిగితే ఇలాంటి చోట్లు తెలుగు నేలకు మంచి బిందువులవుతాయి. అవి రక్షిత కట్టడాలు కనుక గోరంత ముక్క తీయాలన్నా అనుమతి కావాలి, అది సబబే. పరికరాలతో మన దేశంలో క్షేత్రాన్ని క్రమం తప్పకుండా కొలవడం 1841లో బొంబాయి కొలాబాలో మొదలైంది. విద్యుత్ ట్రాములు వస్తే కొలతలు చెడతాయని 1904లో ఆ పనిని అలీబాగ్‌కు మార్చారు. అంతకు వెనక్కి వెళ్ళాలంటే మనకు మట్టే దిక్కు.

మూడవ ప్రశ్నకు జవాబు క్లుప్తంగానే సరిపోతుంది. జర్మన్ గణిత శాస్త్రవేత్త గౌస్ 1832లో క్షేత్ర బలాన్ని పూర్తి కొలమానాల్లో కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1840 నుంచి ఉన్న లెక్కల ప్రకారం ద్విధ్రువం దాదాపు పదోవంతు తగ్గింది, అంటే శతాబ్దానికి సుమారు 5 శాతం. ఈ తగ్గుదలను అలాగే ముందుకు పొడిగించి భయపడేవారు ఇటుకల మాట కూడా వినాలి. రెండు వేల ఏళ్ల క్రితం ద్విధ్రువం నేటికంటే దాదాపు 40 శాతం ఎక్కువగా ఉండేది, ఏడు వేల ఏళ్ల క్రితం నేటి స్థాయిలోనో అంతకు దిగువనో ఉండేది. మనం దిగుతున్నది ఒక ఎత్తైన చోటు నుంచి. చివరిసారి ధ్రువాలు తారుమారైనది 7 లక్షల 70 వేల సంవత్సరాలకు పైగా క్రితం. ఆ మాటకొస్తే తారుమారు జరుగుతుందని మొదట 1906లో ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త బెర్నార్డ్ బ్రూన్‌కు తెలిపినది కూడా ఫ్రాన్స్‌లో లావా కింద కాలిన ఒక బంకమట్టి పొరే.

మీరు చేయగలిగిన పని ఒకటుంది. తవ్వకండి, ఏరకండి. వానకు కోసుకుపోయిన గట్టులో కాలిన ఎర్రమట్టి నేల, పొయ్యి, బూడిద పొర కనబడితే పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, ఉత్తరం ఎటో గుర్తు వేసి, మీ రాష్ట్ర పురావస్తు శాఖకు తెలియజేయండి. ఫోన్‌లోని దిక్సూచితో ఉత్తరం చూసేటప్పుడు దాన్ని కాలిన మట్టికి ఆనించకుండా నాలుగడుగుల దూరంలో నిలబడి చూడండి. ఫోన్ స్పీకర్‌లో ఉండేది కూడా అయస్కాంతమే.